బాంజో లేచేదాకా

ఏటా నవంబరులో మొదటి గట్టి మంచు పడ్డ మర్నాడు రుహామా కాడిల్ బాంజో తీగలు వదులు చేసేది. దాన్ని పాత ఉన్ని దుప్పట్లో చుట్టి ఇంటి కింది నేలమాళిగలోకి తీసుకెళ్ళి, బంగాళాదుంపల గంపకీ ఊరవేసిన చిక్కుళ్ళ సీసాలకీ మధ్య గడ్డి పరిచి పడుకోబెట్టేది. తలుపు చేరవేసి, చేతులు కడుక్కుని, బడి వంటగదిలో పనికి వెళ్ళిపోయేది. ఫిబ్రవరి చివరిదాకా ఆ తలుపు దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

అది గ్రౌండ్‌హాగ్ తోలు బిగించిన బాంజో. కెంటకీ కొండల్లో ఆ బొద్దు జంతువు చలికాలమంతా బొరియలో పడి నిద్రపోతుంది. దాని తోలూ అంతే. రుహామా మేనమామ ఎస్టిల్ ఆ తోలును పొయ్యి బూడిదలో పాతిపెట్టి, వెంట్రుకలు ఊడాక గీకి, చెక్క చట్రానికి తన చేత్తో బిగించాడు. వేసవిలో అది ఖంగుమని మోగేది. అక్టోబరు వచ్చేసరికి లావెక్కి, గొంతు బొంగురుపోయి, ఎంత మీటినా ఆవలింతలాంటి చప్పుడే చేసేది. ఇక దాన్ని విసిగించకూడదు. కొట్లో దొరికే ప్లాస్టిక్ తొడుగు బాంజోలు ఏడాది పొడుగునా మోగుతాయి. తగరపు డబ్బా కూడా ఏడాది పొడుగునా మోగుతుందని ఎస్టిల్ అనేవాడు.

ఎస్టిల్ వేళ్ళు గని పనిలో వంకర తిరిగిపోయాయి. ఆయన దగ్గర మిగిలింది ఒకే ఒక్క చెప్పుకోదగ్గ పాట. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ మంచులో కొండ ఎక్కే పిల్ల పాట. ఆయన తల్లి ఆయనకిచ్చింది, ఆయన రుహామాకిచ్చాడు. రుహామా ఎవరికివ్వాలో తెలియలేదు. ఆమెకి నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. లోయలో పిల్లల్ని కూర్చోబెట్టి పాడితే మర్యాదగా వినేవాళ్ళు, వింటూ ఫోన్లో ఇంకేదో చూసుకునేవాళ్ళు. ఎక్కడివాళ్ళైనా సరే, ఒక్క మనిషి ఆ పాట నేర్చుకుంటే చాలని ఆమె ఆశ. తనతోపాటే అది మట్టిలో కలిసిపోతుందేమోనని బెంగ. అందుకే టానర్ ఫోన్ చేసినప్పుడు, ఎస్టిల్ వద్దంటున్నా, రమ్మంది.

ఈ టానర్ అనేవాడు ఇంటర్నెట్‌లో పాటల వీడియోలు పెడతాడు. పాతపాటల్నీ, పాతపాటల్లా వినిపించే కొత్తపాటల్నీ ఒకే సంచిలో వేసి నగరంలోవాళ్ళు అమెరికానా అని పేరు పెట్టుకున్నారు. పాడేవాళ్ళెవరూ తమని అలా పిలుచుకోలేదు. గాయకుణ్ణి వాడి ఇంట్లోనే కూర్చోబెట్టి, హంగులేమీ లేకుండా, ఉన్నదున్నట్టు, కత్తెర పెట్టకుండా చూపిస్తామని టానర్ గొప్ప. వాడి వీడియోలో ఒకసారి కనబడితే చాలు, పెద్దపెద్ద ఉత్సవాలవాళ్ళు పిలుస్తారని అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు వాడు చూపించిన గాయకుడు బోస్టన్‌లో ఒక పళ్ళ డాక్టరు కొడుకు. గడ్డం పెంచుకుని, కళ్ళు మూసుకుని, బొగ్గుగని మీద ఏడుపుపాట పాడాడు. ఎస్టిల్ అది చివరిదాకా చూసి, వీడు బొగ్గును చూసింది మాంసం కాల్చుకునే పొయ్యిలోనేనని తేల్చి, టీవీ కట్టేసి భోంచేశాడు.

జనవరిలో వస్తానని టానర్ అన్నప్పుడు రుహామా ఉన్నమాట చెప్పింది.

"బాంజో నిద్రలో ఉంది."

"అలాగా. ఎప్పుడు లేస్తుందండీ?"

"ఎండలు బాగుంటే ఫిబ్రవరి చివర్లో."

టానర్ తన తేదీలు చూసుకున్నాడు. ఫిబ్రవరిలో వాడు టెక్సస్ వెళ్ళి ఒక టోపీల కంపెనీ కోసం ఎవర్నో చూపించాలి. కెంటకీ వీడియోకి డబ్బు పెడుతున్నది చలికోట్ల కంపెనీ. కిటికీలోంచి మంచు కనబడి తీరాలని వాళ్ళ షరతు.

"లేపితే ఏమవుతుంది?" అన్నాడు.

"చస్తుంది."

అది ఊరికే అన్న మాట కాదు. పక్క లోయలో ఆమె పినతల్లి కొడుకు క్రిస్మస్‌కి పెళ్ళి చేసుకుంటూ, సంబరం ఆపుకోలేక తన బాంజోని పొయ్యి పక్కన పెట్టి లేపాడు. ఆ సాయంత్రమంతా అది పిచ్చిపట్టినట్టు మోగింది. వసంతం రాకముందే తోలు తడికాగితంలా జారిపోయి ప్రాణం విడిచింది. పెళ్ళికూతురు దాన్ని పెరట్లో పూడ్చింది.

టానర్ సానుభూతి తెలిపాడు. తర్వాత ఒక ఉపాయం చెప్పాడు. నిద్రపోతున్న బాంజోనే ఒళ్ళో పెట్టుకుని మీద చెయ్యి ఆనిస్తే చాలట. కావలసింది బొమ్మ. చప్పుడు సంగతి తర్వాత నాష్‌విల్‌లో ఒకతను చూసుకుంటాడట, అతని దగ్గర మంచి బాంజో ఉందట. ఉన్నదున్నట్టు చూపించడమంటే ఇదన్నమాట.

ఎస్టిల్‌కి ఒళ్ళు మండింది. పడుకున్నవాణ్ణి మంచంతో సహా ఫోటో స్టూడియోకి మోసుకెళ్ళే వెధవలు కూడా ఉంటారా అని అడిగాడు.

"మామయ్యా, తీగ ముట్టుకోను. ఒళ్ళో పెట్టుకుని గొంతుతో పాడేసి మళ్ళీ పడుకోబెడతాను," అంది రుహామా. "ఈ లోయలో ఇంకెవరు నేర్చుకుంటారో నువ్వే చెప్పు. నాకెవరూ కనబడటంలేదు."

ఎస్టిల్ బయటికెళ్ళి కట్టెలు కొట్టాడు.

చెప్పిన రోజు మధ్యాహ్నానికి టానర్ వచ్చాడు. కూడా కెమెరా పట్టే మనిషీ, శబ్దం చూసుకునే అమ్మాయీ ఉన్నారు. టానర్ నెత్తిన వానా ఎండా ఎరగని టోపీ. మోకాళ్ళ దగ్గర ఫ్యాక్టరీలోనే చింపించిన పంట్లాం. దారిలో ఎక్కడో నేర్చుకున్నట్టున్నాడు, రుహామాని "మిస్ రుహామా" అనీ ఎస్టిల్‌ని "సర్" అనీ మాటకోసారి పిలిచాడు. ఇల్లు చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, టీవీ బయట పెట్టించాడు. సోఫా బయట పెట్టించాడు. ఎస్టిల్ కూర్చున్న మెత్తటి వాలుకుర్చీ దగ్గరికొచ్చి ఆయన లేచేదాకా నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత తమ బండిలోంచి ఒక ఊగుడు కుర్చీ, చేత్తో కుట్టిన బొంత, మసిపట్టిన కిరసనాయిలు దీపం దింపించాడు. ఆ లోయలో కిరసనాయిలు దీపం వెలిగించి ఎన్ని తరాలయిందో టానర్‌కి తెలియదు. రుహామా సామాను చాలినంత పాతది కాదట.

ఎస్టిల్ తన వాలుకుర్చీని తనే ఈడ్చుకుంటూ కట్టెలకొట్టంలోకి వెళ్ళిపోయాడు.

పక్కింటి ఓమా అత్త అప్పటికే వచ్చేసింది. అతిథులు వస్తున్నారని తెలిసి పొద్దుటినుంచీ వండుతూనే ఉంది. ఉడకబెట్టిన బీన్స్, మొక్కజొన్న రొట్టె, యాపిల్ ముద్దతో పొరలు పేర్చిన కేకు. ఆ లోయలో ఇంటికొచ్చినవాడు చలికి వణికితే అంతకన్నా అప్రదిష్ట ఇంకొకటి లేదు. ఫలానావాళ్ళింట్లో పొయ్యి చల్లగా ఉండిందట అని మనవల కాలందాకా చెప్పుకుంటారు. అందుకని ఓమా అత్త ఇనప పొయ్యి పక్కన స్టూలు వేసుకుని, బొగ్గు బకెట్టు కాళ్ళ దగ్గర పెట్టుకుని, వచ్చినవాళ్ళలో ఎవరు చేతులు రుద్దుకున్నా ఒక పార బొగ్గు వేస్తూ కూర్చుంది.

రుహామా బాంజోని కిందినుంచి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. అది చల్లగా, బరువుగా, ఎప్పటికో ఒక ఊపిరి తీస్తూ ఉంది. టానర్ ఆమె చేత కంపెనీ చలికోటు తొడిగించాడు. మండే పొయ్యి పక్కన, ఇంట్లో, మోకాళ్ళదాకా వచ్చే చలికోటు. పేరు ముద్ర కనబడాలని భుజం కాస్త ఇటు తిప్పమన్నాడు.

ఆమె పాడింది. టానర్‌కి అది నచ్చింది. నచ్చింది కాబట్టి ఇంకోసారి పాడమన్నాడు. రెండోసారి కళ్ళు కిటికీవైపు పెట్టమన్నాడు. తర్వాత కొంచెం అలసిపోయినట్టు పాడమన్నాడు. తెల్లవారకముందే లేచి బడిపిల్లలందరికీ వండి వచ్చిన మనిషి ఆమె. ఇంతకన్నా అలసట ఎలా చూపించాలో ఆమెకి తోచలేదు. పాట ఆపినప్పుడల్లా శబ్దం అమ్మాయి చేతులు రుద్దుకుంది, ఓమా అత్త పార ఎత్తింది.

అలా పాడుతుండగా రుహామా అరచేతి కింద తోలు బిగుసుకుంది. ఎప్పటికో వచ్చే ఊపిరి వెంటవెంటనే రాసాగింది. ఎవరూ ముట్టకుండానే ఒక తీగ సన్నగా మూలిగింది.

శబ్దం అమ్మాయి చెవుల మీది హెడ్‌ఫోన్లు సర్దుకుని, బాగుంది, అదేదో మళ్ళీ చేయమంది. టానర్ కూడా ముందుకు వంగాడు. లేస్తోందా అని అడిగాడు. లేస్తే నాష్‌విల్ అతనితో పని ఉండదు, ఉన్నదున్నట్టే అవుతుందని వాడి లెక్క.

"మిస్ రుహామా, దాని ఇష్టానికి వదిలేద్దాం," అన్నాడు. "అదే లేస్తానంటే మనమెవరం ఆపడానికి? ఈ వీడియో ఎంతమంది చూస్తారో మీకు తెలియదు."

రుహామాకి తెలుసు. ఆమె ఎదురుచూసింది ఆ చూసేవాళ్ళ కోసమే. ఇంకొక్క పాట సేపు ఊరుకుంటే బాంజో మోగుతుంది. అది మోగితే ఎక్కడో ఎవరో ఒకరు వింటారు, నేర్చుకోవాలని బయలుదేరతారు. వాళ్ళొచ్చే వేళకి నేర్పడానికి బాంజో ఉండదు.

ఆమె లేచింది. చలికోటు విప్పి ఊగుడు కుర్చీ మీద పడేసింది. వీధి తలుపు తీసింది, పెరటి తలుపు తీసింది, రెండు కిటికీలూ పైకెత్తింది. బకెట్టెడు బూడిద తెచ్చి పొయ్యిలో గుమ్మరించింది.

"ఏమిటే నువ్వు చేస్తున్న పని," అంది ఓమా అత్త. "ఇంట్లో అతిథులుండగా?"

"అవునత్తా. ఆర్పేశాను."

ఓమా అత్త పార కింద పెట్టి, రాబోయే తరాలవాళ్ళు అనబోయే మాటలన్నీ అప్పుడే వినబడుతున్నట్టు తల దించుకుంది.

చలిగాలి గదిలోకి దూసుకొచ్చింది. అందరి నోళ్ళలోంచీ ఆవిరి లేచింది. టానర్ ముఖం వెలిగిపోయింది. ఆవిరి కెమెరాలో అద్భుతంగా ఉందని, అలాగే ఉండమని, కోటు మాత్రం మళ్ళీ వేసుకోమని చెప్పాడు. ఆమె వేసుకోలేదు. కుర్చీలో కూర్చుని బాంజో పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. లోపల గుండె దడదడలాడుతోంది. ఆమె దానికోసం పాడటం మొదలుపెట్టింది. గుండె ఒకసారి కొట్టుకుంటే ఒక మాట. చలి లోపలికి దిగేకొద్దీ గుండె నెమ్మదించింది, పాట కూడా నెమ్మదించింది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మంచు పడుతున్న చప్పుడు వినబడేంత ఖాళీ వచ్చింది. పాటలో కొండ మొదట్లో ఉన్న పిల్ల రెండో చరణానికి కూడా నాలుగడుగులు వేయలేదు.

మూడో చరణంలో శబ్దం అమ్మాయి తల వాలిపోయింది. కెమెరా మనిషి గోడకి జారగిలబడ్డాడు. ఓమా అత్త పొయ్యి ఊచ పట్టుకునే నిద్రపోయింది. టానర్ చెయ్యెత్తి ఏదో సైగ చేయబోయి, చెయ్యి ఒళ్ళోకి జారవిడిచి, గడ్డం గుండెకానించాడు. టోపీ దొర్లి బల్ల కిందికి పోయింది. రుహామా కళ్ళు కూడా మూతలు పడ్డాయి. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కెమెరా తన మూడుకాళ్ళ మీద తాను నిలబడి అన్నీ చూసింది.

ఎస్టిల్ కొట్టంలోంచి వచ్చేసరికి పాట అయిపోయింది. ఆయన మేనకోడలి చెయ్యి బాంజో మీదినుంచి తీయబోతే రాలేదు, ఇద్దరూ ఒకే ఊపిరిలో నిద్రపోతున్నారు. లోయలోంచి ఇద్దర్ని పిలుచుకొచ్చి, ఆమెనీ బాంజోనీ కలిపే నేలమాళిగలోకి మోయించి, గడ్డి మీద పడుకోబెట్టి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాడు. తర్వాత పైకొచ్చి పొయ్యి రాజేశాడు. గది వెచ్చబడగానే మిగతావాళ్ళు లేచారు. టానర్ లేస్తూనే కెమెరా ఆగిందా లేదా అని అడిగాడు. ఆగలేదని తెలిశాక కేకు ముక్క ఒకటి తిని, ఊగుడు కుర్చీ, బొంత, దీపం బండిలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. టీవీ, సోఫా లోపల పెట్టించాలని వాడికి గుర్తు రాలేదు.

రుహామా పడుకుందని ఎస్టిల్ బడికి కబురు చేశాడు. ఎప్పటిదాకా అని పెద్ద టీచరు అడిగింది. చెప్పాక, సరే చూసుకుంటానంది.

టానర్ ఆ వీడియోని కత్తిరించాలనే చూశాడు. కత్తిరించడానికి కూర్చున్నవాడల్లా మూడో చరణం దగ్గర బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. వేరే దారి లేక మొత్తం అలాగే పెట్టేశారు. వాళ్ళ బతుకులో మొదటిసారి నిజంగా ఉన్నదున్నట్టు చూపించారు. ఒక మూలన టానర్ చొంగ కారుస్తూ నిద్రపోవడం కూడా అందులో ఉంది. అది లోకమంతా పాకింది. లక్షలమంది చూశారు, అంటే మూడో చరణందాకా చూశారు. చూసి, హాయిగా నిద్రపోయి, లేచి, ఈ పాట మా జీవితాన్నే మార్చేసిందని కింద రాశారు. పాట దేనిగురించో ఒక్కడూ రాయలేదు.

తర్వాత జనం రావడం మొదలుపెట్టారు. పత్రికలవాళ్ళు వచ్చారు. ఉత్సవాలవాళ్ళు వచ్చారు. పరుపుల కంపెనీవాళ్ళు వచ్చి, కొలతలు కూడా తీసుకెళ్ళారు. అందరూ నేలమాళిగ మెట్లు దిగి, దుంపల గంప పక్కన పడుకున్న రుహామాని చూసి, గొంతు తగ్గించి మెచ్చుకుని, ఎప్పుడు లేస్తుందని అడిగేవాళ్ళు. ఎస్టిల్ చెప్పేవాడు. అంతదాకా ఆగడానికి వాళ్ళలో ఎవరికీ తీరిక లేదు. ఒక ఉత్సవంవాళ్ళు ఆమె పేరు పోస్టర్ల మీద అచ్చువేయించి, లేవలేదని తెలిసి, దాని మీద ఇంకొకరి పేరు అతికించారు. ఈలోగా టానర్ టెక్సస్‌లో చెంచాలు వాయించే అన్నదమ్ముల్ని పట్టుకున్నాడు. లోకం అటు తిరిగింది. రుహామాకి రావలసిన పేరంతా నేలమాళిగ తలుపుదాకా వచ్చి, గడప దాటకుండానే వెనక్కి పోయింది.

వచ్చినవాళ్ళలో ఐవా అనే ఆవిడ మాత్రం వెళ్ళలేదు. ఒహాయోలోని డేటన్ నుంచి నిచ్చెన కట్టిన పాత వ్యానులో వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మాంసం నిలవచేసే చల్లగదుల్లో యంత్రాలు బాగుచేస్తుంది. ఫిబ్రవరి చివర్లో లేస్తుందని ఎస్టిల్ చెబితే, అయితే వ్యాను ఎక్కడ పెట్టుకోమంటారని అడిగింది.

ఎస్టిల్ ఆమెని ఎగాదిగా చూశాడు. "సంగీతం వచ్చా?"

"రాదండీ."

"ఏదైనా వాయిస్తావా?"

"లేదు."

"మరెందుకొచ్చావు?"

"పాట చివరిదాకా విన్నాను. మళ్ళీ వినాలనిపించింది."

రోజంతా గడ్డకట్టే చలిలో పనిచేసే మనిషిని ఆ పాటలో చలి ఏమీ చేయలేకపోయింది. ఓమా అత్త తన ఇంట్లో గది ఇచ్చింది, పోయిన పరువు కొంతైనా దక్కుతుందని పొయ్యి ఎర్రగా మండించి మరీ ఇచ్చింది. ఐవా బడి వంటగదిలో రుహామా బదులు గిన్నెలు కడిగింది. ఖాళీ దొరికితే ఎస్టిల్ దగ్గరికొచ్చి కూర్చునేది. ఆయన ఆమె చేతికి ఒక ప్లాస్టిక్ తొడుగు బాంజో ఇచ్చి, వేళ్ళు ఎలా పెట్టాలో తిడుతూ చూపించాడు. అవి వేళ్ళు కాదు, పారలన్నాడు. ఆమె కొట్టంలో సాధన చేస్తుంటే కోళ్ళు వేరేచోట గుడ్లు పెట్టుకున్నాయి. అయినా ఆమె మానలేదు, ఆయన తిట్టడమూ మానలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక ఎండ పొద్దున నేలమాళిగలోంచి బాంజో ఖంగుమంది. కాసేపటికి రుహామా మెట్లెక్కి పైకొచ్చింది. చిక్కిపోయింది, జుట్టునిండా గడ్డి. నేరుగా వెళ్ళి బీన్స్ గిన్నె ముందు కూర్చుంది. తింటున్నంతసేపూ ఎస్టిల్ జరిగినవన్నీ చెప్పాడు. వీడియో, పత్రికలు, పరుపులు, పేరు మీద అతికించిన పేరు. ఆమె చెయ్యి ఆగకుండా రొట్టె తుంచుతూనే విన్నది.

"నేర్చుకుంటామని ఎవరైనా వచ్చారా మామయ్యా?"

ఎస్టిల్ గడ్డంతో కిటికీవైపు చూపించాడు. "ఒకతె ఉంది. చెబితే నవ్వుతావు."

పిలిపించారు. ఐవా తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పాట ఎక్కడిదాకా విన్నారని రుహామా అడిగింది. చివరిదాకా అని ఐవా చెప్పింది.

"అయితే చివర్లో ఏముంది? పిల్ల కొండ మీద నిలబడి కింద ఇంటి దీపం చూస్తుంది. అంతే కదా."

"అది చివర కాదండీ. మీరు కళ్ళు మూసుకున్నాక ఇంకో చరణం పాడారు."

అలాంటిదేమీ లేదని ఎస్టిల్ బల్ల చరిచాడు. తన తల్లి దగ్గర్నుంచీ ఆ పాట దీపంతోనే అయిపోతుందని, డేటన్ నుంచి వచ్చి తనకి చెప్పేవాళ్ళు తయారయ్యారని అన్నాడు. తేల్చుకుందామని ఫోన్లో వీడియో పెట్టారు. మూడో చరణంలో మామా మేనకోడలూ ఇద్దరూ బల్ల మీద తలలు పెట్టుకుని నిద్రపోయారు. ఐవా వీడియో చివరిదాకా విని, ఇద్దరి మీదా చెరో దుప్పటి కప్పి, వాళ్ళు లేచేదాకా కూర్చుంది. లేచాక ఎస్టిల్ ఇంకా మండిపడ్డాడు గానీ, మళ్ళీ పెట్టమని అనలేదు.

రుహామా తన కుర్చీని ఐవా కుర్చీకి ఎదురుగా లాక్కుని, మోకాళ్ళకి మోకాళ్ళు ఆనేలా కూర్చుంది. ఆ కొండల్లో పాట ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ అలాగే కూర్చుంటారు. ఇచ్చేవాళ్ళు ఒక పాదం పాడితే పుచ్చుకునేవాళ్ళు దాన్ని తిరిగి పాడాలి. ఐవా వెన్ను నిటారుగా పెట్టుకుని, మొదటి పాదం కోసం ఆమె నోటివైపే చూసింది.

"మీరు పాడండి," అంది రుహామా.

"నాకు గొంతు లేదండీ."

"నా దగ్గర ఆ చరణం లేదు."

ఐవా గొంతు సవరించుకుని పాడింది. నూనె ఎరగని గేటు తీసినట్టుంది ఆ గొంతు. ఆ చరణంలో ఆవు దానంతట అదే దొరికింది. అది దారి చూపిస్తూ ముందు నడిచింది, పిల్ల దాని తోక పట్టుకుని వెనక నడిచింది. రుహామా ఒక్కో పాదాన్నీ తిరిగి పాడింది. ఎస్టిల్ లేచి, ఈ ఘోరం ఇరుగుపొరుగు వింటే బాగుండదని కిటికీ మూశాడు. తర్వాత తన వాలుకుర్చీ ఈడ్చుకొచ్చి, వాళ్ళిద్దరి పక్కన వేసుకుని, తన మోకాలు కూడా ఆనించాడు.